ఆ పెద్ద కన్నంలో ఇప్పుడెవరూ లేరు

ప్రశ్న: మాది నూజివీడు దగ్గర పల్లె. నాన్నగారు వేసిన మామిడి తోట మూడెకరాలు ఉంది. ఎక్కువగా బంగినపల్లి, గట్టు పక్కన కొన్ని చిన్నరసాలు. చెట్లకు పాతికేళ్లు దాటాయి. పోయిన నెలలో ఒక బంగినపల్లి చెట్టుకు తూర్పు వైపు పెద్ద కొమ్మ ఆకులన్నీ పసుపెక్కి ఎండిపోయింది. దగ్గరికెళ్లి చూస్తే మానుకు వేలు దూరేంత గుండ్రటి కన్నాలు మూడు ఉన్నాయి. కింద రంపపు పొట్టులాంటిది రాలి ఉంది. మందుల షాపతను ఇచ్చిన మందు ఆ మూడు కన్నాల్లో పోసి మట్టితో మూశాను. ఆకుల మీద కూడా రెండుసార్లు కొట్టాను. అయినా పొట్టు రాలుతూనే ఉంది. ఇంకో చెట్టుకు పంగల దగ్గర గోధుమ రంగు బూజుపట్టీలు పాకి ఉన్నాయి. ఇంటి దగ్గర జామచెట్టుకూ అవే ఉన్నాయి. ఎండిన కొమ్మ మొదట్లో చెదలు కూడా కనిపించాయి. మొన్న రాత్రి వరండా లైటు కింద పొడవాటి మీసాల పెంకు పురుగొకటి పడితే మా బాబు చేత్తో పట్టుకున్నాడు. అది కిర్రుకిర్రుమని అరిచింది. ఫోటోలు పంపుతున్నాను. ఇది ఏ పురుగు? తోటంతా పాకుతుందా? చెట్టు కొట్టేయమని మా మామయ్య అంటున్నాడు, నాకు మనసొప్పడం లేదు. కంచెలో ఉన్న బూరుగు చెట్టు వల్లే ఇది వచ్చిందంటున్నారు, నిజమేనా? ఆ పురుగుకు విషం ఉంటుందా? బాబు గురించి టెన్షన్‌గా ఉంది.

సమాధానం: నమస్కారమండీ. మీరు ఒకే పురుగు గురించి అడిగారు గానీ, ఫోటోలు చూస్తే మీ తోటలో ముగ్గురు వేర్వేరు చుట్టాలు దిగినట్టున్నారు. మందు పనిచేయకపోవడానికి కారణం కూడా కొంతవరకు అందులోనే ఉంది.

ముందు లైటు కింద దొరికిన పురుగు సంగతి. అది మామిడి కాండం తొలిచే పురుగు తల్లి. శాస్త్రీయ నామం బాటోసెరా రూఫోమాక్యులేటా. ఎర్ర మచ్చలున్నది అని ఆ రెండో మాటకు అర్థం. పేరుకు తగ్గట్టే తలకూ రెక్కల పెంకులకూ మధ్యనున్న భాగం మీద, అంటే మెడ అనుకోండి, జీడిపప్పు ఆకారంలో నారింజ ఎరుపు మచ్చలు రెండు ఉంటాయి. మీ ఫోటోలో ఒకటి స్పష్టంగా, రెండోది సగం కనిపిస్తోంది. ఆ మెడకు అటూ ఇటూ చెరొక ముల్లు ఉంటుంది. రెక్కల పెంకులు బూడిద రంగులో ఉండి, వాటి మీద నారింజ పసుపు చుక్కలు ఉంటాయి. భుజాల దగ్గర ఆవగింజలు చల్లినట్టు నల్లటి బొడిపెలు ఉంటాయి. పక్క నుంచి చూస్తే కంటి దగ్గర మొదలై తోక దాకా తెల్లటి చార ఒకటి సాగుతుంది. మగదానికి మీసాలు ఒంటికన్నా పొడవు, ఆడదానికి దాదాపు ఒంటితో సమానం. పొడవు రెండు అంగుళాల దాకా రావచ్చు. ఇవన్నీ కలిసొస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మీ దాంట్లో కలిశాయి. మామిడిని తొలిచే దగ్గరి జాతులు ఇంకొకటి రెండు ఉన్నాయి గానీ, మనం చేయాల్సిన పని వాటన్నిటికీ ఒకటే.

అయితే లైటు కిందికొచ్చిందల్లా తోటకు శత్రువేనని అనుకోకండి. తొలకరి పడ్డాక వరండాలో వాలే వాటిలో కొబ్బరి కొమ్ము పురుగు కూడా ఉంటుంది. నల్లగా, గుండ్రంగా, తల మీద కొమ్ముతో ఉంటుంది. దాని పిల్ల మీ పెంటకుప్పలో బతుకుతుంది గానీ మామిడి మానులో కాదు. పేడ తవ్వినప్పుడు తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పురుగులు కనిపించగానే 'చెట్టును తొలిచేవి ఇవే' అని గాభరా పడేవాళ్లను చాలామందిని చూశాను. తేడా తేలికే. పేడలో దొరికేదానికి ముందు భాగంలో ఆరు కాళ్లు ఉంటాయి, చేతిలో పెట్టుకుంటే సున్నాలా చుట్టుకుంటుంది. మామిడి మానులో ఉండేదానికి చెప్పుకోదగ్గ కాళ్లే ఉండవు. మీగడ రంగులో కణుపులు కణుపులుగా, నిటారుగా ఉంటుంది. తల వైపు వెడల్పుగా, దవడలు నల్లగా ఉంటాయి. పూర్తిగా ఎదిగితే మూడు నాలుగు అంగుళాల పొడవు, మీ చూపుడు వేలంత లావు.

ఇక అసలు సంగతి. మీరు మందు పోసిన ఆ మూడు గుండ్రటి కన్నాల్లో పురుగు లేదు.

అవి లోపలికి వెళ్లిన దారులు కావు, బయటికి వచ్చిన దారులు. ఈ పురుగు బతుకులో ఎక్కువ భాగం మానులోనే గడుస్తుంది. తల్లి పురుగు బెరడును దవడలతో కొరికి చిన్న గాటు పెట్టి, అందులో వడ్లగింజంత గుడ్డు ఒకటి దూర్చి పోతుంది. అలా ఒక్కో గాటుకు ఒక్కో గుడ్డు చొప్పున, బతికినన్నాళ్లలో వంద నుంచి రెండొందల దాకా పెట్టగలదు. వారం పది రోజులు దాటాక గుడ్డు పగులుతుంది. పిల్ల పురుగు మొదట బెరడు కిందనే మెత్తటి పొరను తింటూ వంకరటింకరగా తిరుగుతుంది. బలం పుంజుకున్నాక చెక్కలోకి దిగుతుంది. నెలల తరబడి లోపల సొరంగాలు తవ్వుకుంటూ, తిన్నది విసర్జిస్తూ, ఆ పొట్టును చిన్న చిన్న బొక్కల్లోంచి బయటికి నెడుతూ ఉంటుంది. చివరికి చెక్కలోనే గది కట్టుకుని, అందులో గూడు దశ గడిపి, మన ప్రాంతంలో మృగశిర కార్తె వానల తర్వాత రెక్కలతో బయటపడుతుంది. అలా బయటపడేటప్పుడు చేసిందే ఆ వేలు దూరేంత నున్నటి గుండ్రటి కన్నం. ఏడాదికి ఒక తరం. మీకు కనిపించిన ఆ మూడూ ఖాళీ చేసి వెళ్లిన ఇళ్లు. అందులో పోసిన మందు చెక్కకు తాగించినట్టే.

ఈ మాట మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెరట్లో మామిడి చెట్టుకు నేను చేసిందీ అదే. పెద్ద కన్నం కనిపిస్తే చాలు, మందు పోసి, మట్టి మెత్తి, పని అయిపోయిందని చేతులు కడుక్కునేవాడిని. ఓ సీజనంతా అలాగే గడిచింది. ఆ వేసవిలో కొమ్మ విరిగిపడితే చీల్చి చూశాను. నేను మూసిన కన్నానికి జానెడు పైన, బయటికి సూది మొనంత బొక్క మాత్రమే ఉన్నచోట, లోపల వేలంత పురుగు హాయిగా కూర్చుని ఉంది. ఆ తర్వాత కన్నం వైపు చూడటం తగ్గించి పొట్టు వైపు చూడటం నేర్చుకున్నాను.

మీరూ ఈ వారం చేయాల్సింది అదే. మానును పొడి చీపురుతో శుభ్రంగా ఊడ్చండి. వదులైన బెరడు గీకేయండి. పాత పొట్టు ఒక్క పిసరు కూడా మిగలకూడదు. పాదు చుట్టూ పాత న్యూస్‌పేపర్లో, విప్పిన ఎరువు సంచులో పరిచి రాళ్లు పెట్టండి. వాన లేని రెండు రోజులు చూసుకుని ఈ పని చేయండి, లేకపోతే అంతా ముద్దవుతుంది. రెండో రోజు పొద్దున్నే వెళ్లి కాగితం మీద ఎక్కడ పొట్టు రాలిందో చూసి, నేరుగా దాని పైకి తలెత్తండి. తాజా పొట్టు లేత రంగులో, కాస్త తడిగా ఉంటుంది. పాతది నల్లబడి, ఎండి, వేళ్ల మధ్య నలిగిపోతుంది. తాజా పొట్టు వస్తున్న బొక్క చిన్నదైనా సరే, పురుగు అక్కడే ఉంది. సుద్దముక్కతో చుట్టూ సున్నా గీయండి. ఇలా రెండు మూడు సార్లు చూస్తే ఎన్ని పురుగులు ఉన్నాయో కూడా దాదాపు తెలుస్తుంది. ఒక్కోసారి ఒకే పురుగు రెండు మూడు బొక్కల్లోంచి పొట్టు నెడుతుంది. అందుకే లెక్క ఒకటి అటూ ఇటూ కావచ్చు.

ఆ పొట్టును తెల్లకాగితం మీద పోసుకుని ఓసారి తీరుబడిగా చూడండి. ఏ పురుగో చెప్పేది అదే. కాండం తొలిచే పురుగు పొట్టు ముతకగా ఉంటుంది. పీచుపీచుగా చెక్క నారలు, మధ్యమధ్య ఉండలు కనిపిస్తాయి. వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు రాలే తుక్కులా ఉంటుంది. మానుకు గుండుసూది గుచ్చినంత సన్నటి బొక్కలు బోలెడు ఉండి, వాటి నుంచి మైదాపిండిలాంటి పొడి గానీ, సేమ్యా పుల్లల్లా సన్నటి కడ్డీలు గానీ బయటికి వస్తుంటే అది వేరే జాతి. అవి నువ్వుగింజంత పెంకు పురుగులు. దానిమ్మ తోటల్లో ఎక్కువ బాధపెడతాయి. అప్పటికే నీరసించిన మామిడికీ వస్తాయి. వాటిలో కొన్ని చెక్క తినవు. సొరంగం గోడల మీద బూజు పెంచుకుని దాన్ని తింటాయి. మీ ఫోటోల్లో అలాంటి బొక్కలు లేవు, కాబట్టి దాని జోలికి వెళ్లడం లేదు.

ఇప్పుడు మీ రెండో చెట్టు. పంగల దగ్గర పాకిన ఆ గోధుమ రంగు పట్టీలు పెంకు పురుగు పని కాదు. అది బెరడు తినే పురుగు, సీతాకోకచిలుకల జాతికి చెందిన ఓ చిన్న రెక్కల పురుగు పిల్ల. దాని లాలాజలపు దారంతో చెక్క పొట్టునూ తన పెంటనూ కలిపి నేసి, మాను మీద రిబ్బన్లా పందిరి వేసుకుంటుంది. పగలంతా పంగలో తొలిచిన జానెడు లోతు బొక్కలో దాక్కుని, రాత్రి ఆ పందిరి కిందికొచ్చి బెరడు కొరుక్కుతింటుంది. గోధుమ నలుపు రంగులో, కాళ్లతో చకచకా పాకే గొంగళి ఇది. జామ, మునగ, నేరేడు, నిమ్మ అన్నిటినీ పడుతుంది. మీ ఇంటి దగ్గర జామచెట్టుకు ఉన్నదీ ఇదే. దీని వల్ల చెట్టు వెంటనే చావదు గానీ, బెరడు పోయినచోట ఆహారం కిందికి దిగడం తగ్గి కాపు పలచబడుతుంది. వదిలించుకోవడం తేలిక. ఆ పట్టీలను గట్టి బ్రష్షుతో పూర్తిగా ఊడ్చేస్తే పంగలో బొక్క బయటపడుతుంది. వంచిన తీగ లోపలికి దూర్చి తిప్పండి, ఆ తర్వాత కిరోసిన్‌లో ముంచిన దూది పెట్టి మట్టితో మూయండి. రెండు రోజుల తర్వాత మళ్లీ కొత్త పట్టీ నేస్తే అది ఇంకా బతికే ఉందన్నమాట, మళ్లీ చేయండి. పట్టీ ఊడ్చకుండా పైన మందు కొడితే ప్రయోజనం లేదు.

మూడోది చెదలు. అవి చెట్టును చంపలేదు. చనిపోయిన చెక్క దొరికింది కాబట్టి వచ్చాయి. పురుగు ఖాళీ చేసిన సొరంగం చెదలకు రెడీమేడ్ ఇల్లు. చాలామంది చెదల మట్టి చూసి 'చెదలే కొమ్మను ఎండబెట్టాయి' అనుకుని వాటికే మందు పోసి ఊరుకుంటారు. మట్టి తుడిచి, ఎండిన చెక్క తీసేస్తే సరిపోతుంది.

ఎండిన కొమ్మ గురించి ఒక జాగ్రత్త. దాన్ని పచ్చి చెక్క కనిపించే దాకా కిందికి కోయించండి. కోసిన ముక్కను నిలువునా చీల్చి చూడండి. బొటనవేలు దూరేంత సొరంగం, అందులో కుక్కిన పొట్టు కనిపిస్తే కొమ్మ ఎండింది పురుగు వల్లే. సొరంగం లేకుండా చెక్కలో గోధుమ నలుపు చారలు మాత్రమే ఉంటే అది ఎండు తెగులు. బూజు వల్ల వచ్చేది, వైద్యమూ వేరే. ఒక్కోసారి రెండూ కలిసే ఉంటాయి, ఎందుకంటే పురుగు చేసిన గాయంలోంచి తెగులు లోపలికి పోతుంది. బంక కారడం ఒక్కటే చూసి పురుగని నిర్ణయించకండి. బంక చాలా కారణాలకు కారుతుంది. బంకతో పాటు పొట్టు కూడా ఉంటేనే పురుగు.

ఇంకో గుర్తు కూడా ఉంది. చాలామంది దాన్ని తిరగేసి చదువుతారు. వడ్రంగి పిట్ట ఒకే మాను మీద పదేపదే వాలి పొడుస్తుంటే 'చెట్టుకు బొక్కలు చేస్తోంది' అని తరిమేస్తారు. అది వచ్చింది లోపలి పురుగు కోసం. అది పొడిచే చోట చెవి పెట్టి వినండి, ప్రశాంతంగా ఉన్న ఉదయం పూట చెక్క కొరుకుతున్న చప్పుడు మీకే వినిపించవచ్చు. పిట్టను తరమకండి, మీకన్నా బాగా వైద్యం చేస్తోంది.

సుద్ద గీసిన బొక్కల దగ్గర ఇప్పుడేం చేయాలి? పాత సైకిల్ చువ్వ ఒకటి తీసుకుని కొసను గాలంలా వంచండి. బొక్క మూతిని చాకుతో కొంచెం వెడల్పు చేసి, లోపలి పొట్టు గీకేసి, చువ్వను సొరంగం తిరిగినట్టే తిప్పుతూ పోనివ్వండి. సాధారణంగా సొరంగం పైకి సాగుతుంది గానీ, వంకర్లు పోతుంది. మెత్తగా ఏదో తగిలి, చువ్వ కొసకు తెల్లటి ద్రవం అంటితే పురుగు దొరికినట్టే. లాగితే కొన్నిసార్లు పురుగే బయటికి వస్తుంది, కొన్నిసార్లు లోపలే చస్తుంది. ఏదైనా ఫర్వాలేదు. చువ్వ ఆగిపోయి ఏమీ తగలకపోతే పెట్రోలు గానీ కిరోసిన్ గానీ ముంచిన దూది లోపలికి తోసి, తడి బంకమట్టితో గాలి పోకుండా గట్టిగా మూసేయండి. దూది బాగా తడిస్తే చాలు, సీసా పోయనక్కర్లేదు. ఎక్కువ పోస్తే చెట్టు పచ్చి పొరే కాలిపోతుంది. ఆ పని చేసేటప్పుడు పక్కన ఎవరూ బీడీ వెలిగించకుండా చూసుకోండి. పెట్రోలు వాసన కొడుతున్న చెట్టు దగ్గర నిలబడి పొగతాగేవాళ్లు మన ఊళ్లల్లో తక్కువేం కాదు. పది రోజుల తర్వాత మట్టి మూత మీద మళ్లీ పొట్టు కనిపిస్తే ఇంకోసారి చేయండి. లేకపోతే ఆ బొక్కను మర్చిపోవచ్చు.

మందుల గురించి కాస్త కటువుగా చెప్పాలి. ఆకుల మీద మీరు కొట్టిన రెండు పిచికారీలూ పోయాయి. చెక్క లోపల ఉన్న పురుగుకు ఆకు మీద మందు ఎలా చేరుతుంది? పాత కరపత్రాల్లో, ఇప్పటికీ వాట్సాప్‌లో తిరిగే సలహాల్లో 'డైక్లోరోవాస్‌లో దూది ముంచి కన్నంలో పెట్టండి' అని ఉంటుంది. ఒకప్పుడు మేమూ అదే చెప్పాం. 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వుతో, 2020 డిసెంబరు 31 తర్వాత డైక్లోరోవాస్ వాడకం దేశంలో నిషేధం. మాను మొదలుకు పూయమని చెప్పే కార్బరిల్ కూడా అదే ఉత్తర్వులో పోయింది. ఎవరైనా పాత సీసా ఉంది, తీసుకోండి అంటే వద్దనండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల మాట వింటే మాత్రం నాకు నిజంగా భయం వేస్తుంది. తేమ తగిలితే అది ఫాస్ఫీన్ వాయువు వదులుతుంది, మనిషిని చంపేస్తుంది, విరుగుడు లేదు. ప్రభుత్వ సంస్థలు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే పెస్ట్ కంట్రోల్ వాళ్లు మాత్రమే వాడాల్సిన సరుకు అది. రైతు చేతికి చేరకూడదు. పిల్లలు తిరిగే ఇంట్లో, గదిలో పెట్టుకోనే కూడదు. మీ తోటకు అదేమీ అక్కర్లేదు. చువ్వ, దూది, మట్టి చాలు. పురుగులు మరీ ఎక్కువై మందు తప్పదనిపిస్తే, మీకు నూజివీడులోనే మామిడి పరిశోధన స్థానం ఉంది కదా, అక్కడికి చీల్చిన కొమ్మ ముక్కనూ, సీసాలో వేసిన పురుగునూ తీసుకెళ్లి చూపించండి. ఇప్పుడు ఏది అనుమతిలో ఉందో వాళ్లు చెబుతారు. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడిగినా, కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసినా సరే.

కోసిన చోట, చువ్వతో గెలికిన చోట బోర్డో పేస్టు పూయండి. మైలుతుత్తం కిలో, సున్నం కిలో, నీళ్లు పది లీటర్లు. రెండూ వేర్వేరుగా కరిగించి కలపాలి, ఇనుప బకెట్లో కాదు. మానుకు మొదలు నుంచి మూడడుగుల ఎత్తు దాకా కూడా ఇదే పూయవచ్చు. ఇది పురుగును చంపదు, గాయంలోంచి తెగులు దిగకుండా ఆపుతుంది. తారు ఒక పాలు, కిరోసిన్ రెండు పాళ్లు కలిపి మొదలుకు పూసే పద్ధతి కూడా ఉంది. తల్లి పురుగు గుడ్లు పెట్టకుండా అది కొంత అడ్డుకుంటుంది. ముదురు బెరడున్న మీలాంటి చెట్లకు ఫర్వాలేదు గానీ, లేత చెట్లకు నాకు నచ్చదు.

చెట్టు కొట్టేయాలా అన్నదానికి వస్తే, మీ మామయ్యగారి మాట ఇప్పుడే వినకండి. పోయింది ఒక కొమ్మ. మిగతా గొడుగంతా ఫోటోలో పచ్చగా ఉంది, కొత్త చిగురూ ఉంది. సుద్దతో గీసినవి నాలుగైదు బొక్కలకు మించకపోతే చెట్టు నిలుస్తుంది. మాను చుట్టూ పొట్టు కారుతూ, బెరడు తడితే డొల్ల చప్పుడు వస్తూ, గొడుగు సగానికి పైగా ఎండిపోతే అప్పుడు ఆలోచిద్దాం.

ఆయన మాటతో ఒక ముఖ్యమైన సంగతి మాత్రం గుర్తుకొచ్చింది. కొట్టినదాన్ని ఎక్కడ పెడతామన్నది. ఎండిన కొమ్మ కోసి వంటచెరుకని గట్టున పేర్చేస్తాం కదా, అదే పెద్ద తప్పు. బాగా ఎదిగిన పురుగు కోసిన దుంగలోనే గూడు దశకు వెళ్లి, వచ్చే తొలకరికి రెక్కలతో బయటికొచ్చి, పక్కనే ఉన్న చెట్టు మీద వాలుతుంది. కోసిన కొమ్మను చీల్చేయండి, పురుగుల్ని ఏరి చంపండి, వీలైనంత త్వరగా పొయ్యిలో పెట్టేయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ వచ్చే మృగశిర దాకా దుంగలు తోటలో ఉండకూడదు.

తోటంతా పాకుతుందా అంటే, తెగులులా రాత్రికి రాత్రి పాకదు. తల్లి పురుగు ఎగురుతుంది గానీ, నీరసంగా ఉన్న, గాయాలున్న, ముసలి చెట్లనే ముందు వెతుక్కుంటుంది. అందుకని ఆ చెట్టు చుట్టూ ఉన్న ఎనిమిది పది చెట్లను ముందు జాగ్రత్తగా చూడండి. మిగతావి నిదానంగా చూడొచ్చు. ఇది గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఇప్పటి నుంచి దీపావళి దాకా పదిహేను రోజులకోసారి మానుల చుట్టూ తిరగండి. పిల్ల పురుగు బెరడు కిందే ఉన్నప్పుడు దొరికితే చాకుతో బెరడు గీకి తీసేయొచ్చు, చువ్వ కూడా అక్కర్లేదు. చెక్కలోకి దిగాక పని పెరుగుతుంది. సంక్రాంతికి పూత చూసుకునేటప్పుడు మళ్లీ ఓసారి పొట్టు కోసం కూడా చూడండి. వచ్చే ఏడాది తొలకరి మొదలవగానే వరండా లైటు కిందికొచ్చిన వాటిని ఏరి కిరోసిన్ నీళ్లలో వేయండి. ఒక ఆడ పురుగును పట్టినా వంద గుడ్లు తప్పినట్టే.

బూరుగు మీద ఉన్న నింద పూర్తిగా అబద్ధం కాదు. ఈ పురుగుకు బూరుగు ఇష్టమైన చెట్టే. మర్రి, మేడి, పనస, మల్బరీ, అంజూర కూడా. ఇజ్రాయెల్‌లో అంజూర తోటలను ఈ పురుగు బాగా దెబ్బతీసింది. కానీ మీ బూరుగు నుంచి మామిడికి వచ్చిందో, మామిడి నుంచి బూరుగుకు పోయిందో ఎవరూ చెప్పలేరు. ముందు దాని మాను కూడా ఊడ్చి, కాగితం పరిచి చూడండి. గుండ్రటి కన్నాలూ తాజా పొట్టూ బాగా ఉంటే తీసేయడమే మంచిది, తీస్తే వెంటనే చీల్చేయండి. ఏమీ లేకపోతే దూది కాయలు కాయనివ్వండి. ఇంటి దగ్గర మునగ ఉంటే దాన్నీ ఓసారి చూడండి.

చివరగా మీ బాబు సంగతి. ఆ పురుగుకు విషం లేదు, కుట్టదు కూడా. మెడ భాగాన్ని వెనక భాగానికి రాపిడి చేసి అది ఆ కిర్రు శబ్దం చేస్తుంది. శత్రువు పట్టుకున్నప్పుడు బెదిరించడానికి, అంతే. దాని దవడలు మాత్రం చెక్కను కొరికేవి, వేలు అందితే గట్టిగా గిల్లుతుంది, రక్తం రావచ్చు. మీసాలు పట్టుకుని కాకుండా, రెండు పక్కల నుంచి నడుము దగ్గర పట్టుకోమనండి. ఇంకోటి దొరికితే మూత ఉన్న గాజు సీసాలో వేసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి, పైనుంచి ఒక ఫోటో, పక్క నుంచి ఒక ఫోటో తీయించండి. మెడ మీది రెండు మచ్చలూ కనిపించాలి. చీల్చిన కొమ్మ ఫోటో కూడా దాంతో పాటే పంపండి.